ఇరవై ఐదో చర్మం

"ఈ మూడు నెలల్లో ప్రజల కోసం మీరేం చేశారు?" అని మంత్రిగారు వీడియో తెర మీద నుంచి అడిగారు. సరిగ్గా ఆ క్షణాన ప్రజా సంతృప్తి మండలి సిబ్బందిమంతా ఒకేసారి గోక్కున్నాం.

కావాలని ఎవరూ చేయలేదు. ఆవలింతలాగే ఇది కూడా ఒకరు మొదలుపెడితే గది చుట్టి వస్తుంది. సూపరింటెండెంట్ నూకరాజు గారు నడుం దగ్గర మొదలుపెట్టారు. అకౌంటెంట్ మణికట్లు అందుకున్నాడు. స్టెనోగ్రాఫర్నైన నేను నోట్‌బుక్ ఒళ్లో పడేసి వేళ్ల సందులు రుద్దుకున్నాను. డైరెక్టర్ చక్రధరరావు గారు మాత్రం చేతులకు పని చెప్పలేదు. ఎప్పుడూ దగ్గరుంచుకునే రెండడుగుల చెక్క స్కేలుతో గోడ మీది పటం చూపిస్తున్నారు. ఆ స్కేలు పటం మీద నుంచి ఆయన చొక్కా కాలర్లోకి ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియలేదు.

మంత్రిగారు కళ్లు చిట్లించి తెరకు దగ్గరగా వంగారు. తెర మీద చిన్న చిన్న గడుల్లో ఉన్న మిగతా జిల్లాల వాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు.

"ఏవయ్యా, పని గురించి అడిగితే మీకు ఒళ్లు దురద పుడతందా?"

స్కేలు కాలర్లో ఉండగానే డైరెక్టర్ గారు లేచి నిలబడి, సిబ్బంది ఉత్సాహం హద్దులు దాటిన కారణంగా ఏర్పడిన తాత్కాలిక శారీరక స్పందనగా దీన్ని పరిగణించవలసిందని మనవి చేశారు.

"గోకుడంటే నాకు తెలీదనుకున్నావా? పద్నాలుగో తారీకున నేనే వస్తున్నా. ఈ దురద మీ ఆఫీసులోకి ఎవడు తెచ్చాడో ఆ పేరు నాకు చెప్పాలి. నలుగురిలో, గట్టిగా. లేదంటే పదిహేను నుంచి మీ మండలి ఉండదు."

తెర నల్లబడింది. అది ఆగస్టు నాలుగు. పది రోజుల గడువు.

మా ఆఫీసులో డైరెక్టర్ గారితో కలిపి ఇరవై ఐదు మందిమి. ఆ రోజు ఆ గదిలో ఇరవై నాలుగు మంది గోక్కున్నారు. వెనక గోడకు ఆనుకుని, ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ ఇరవై ఐదో మనిషి గోక్కోలేదు. ఆవిడ పేరు వీరవేణి. రికార్డు గదిలో పదకొండేళ్లుగా ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తోంది. ఆవిడ మొహం మీదా, చేతుల మీదా బొల్లి మచ్చలుంటాయి. ఈ ఏడు పర్మినెంట్ చేయడానికి మండలికి ఒక్క పోస్టు వచ్చింది. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు ఆవిడదే. మంత్రిగారి సంతకానికి ఆ ఫైలు కూడా పద్నాలుగో తేదీనే వెళ్లాలి.

*

ప్రజలు ఎంత సంతృప్తిగా ఉన్నారో కొలిచి పై అధికారులకు చెప్పడం మా మండలి పని. ప్రజలను అడగకుండా కొలవడం మా ప్రత్యేకత. ఇలాంటి సంస్థ ఒక దురదను అదుపు చేయలేకపోవడం ఏమిటని డైరెక్టర్ గారికి పట్టుదల వచ్చింది. మర్నాడే మొదటి సర్క్యులర్ వెలువడింది. టైపు చేసింది నేనే.

దాని సారాంశం ఇది. కార్యాలయ వేళల్లో గోక్కోవడం నిషేధం. అత్యవసరమైతే ఉదయం పదకొండుంబావు నుంచి ఐదు నిమిషాలు, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు నిమిషాలు గోకుడు విరామంగా అనుమతించడమైనది. ఎవరి ఒళ్లు వారే గోక్కోవాలి. పై సెక్షన్ వారు కింది సెక్షన్ వారి చేత గోకించుకోరాదు. వీపు విషయంలో సూపరింటెండెంట్ గారి ముందస్తు అనుమతి తప్పనిసరి. ప్రతి ఉద్యోగీ గోకుడు రిజిస్టర్‌లో తన పేరు, గోకిన స్థలం, దురద మొదటిసారి ప్రారంభమైన తేదీ నమోదు చేసి సంతకం చేయాలి. గెజిటెడ్ అధికారులకు ఈ నిబంధనలు వర్తించవు.

మా ఆఫీసులో గెజిటెడ్ అధికారి ఒక్కరే. డైరెక్టర్ గారు.

రెండో రోజుకే చిక్కు వచ్చింది. విరామానికి ముందు పావుగంట నుంచే ఎవరూ పని చేయడం లేదని, గడియారం వంక చూస్తూ వణుకుతున్నారని నూకరాజు గారు నోట్ పెట్టారు. డైరెక్టర్ గారు సమావేశం పెట్టి స్ఫూర్తినిచ్చే ప్రసంగం చేశారు. చర్మాన్ని ఆదర్శంగా తీసుకోవాలన్నారు. ఇంటర్నెట్లో చదివి వచ్చినట్టున్నారు. ఆ ప్రసంగం నా నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

"మిత్రులారా, చర్మం మన శరీరంలో అతి పెద్ద అవయవం. దానికి మూడు పొరలు. పై పొర ఎండకూ దుమ్ముకూ దెబ్బకూ అడ్డం నిలబడుతుంది. అందులోని కణాలు నెల తిరిగేసరికి చచ్చి రాలిపోతాయి, కింది నుంచి కొత్తవి వస్తాయి. ఎవరూ బాధపడరు. వీరు మన ఔట్‌సోర్సింగ్ సోదరీసోదరులు. రెండో పొరలో నరాలు, రక్తనాళాలు, చెమట గ్రంథులు ఉంటాయి. నొప్పి తెలిసేది అక్కడే, చెమటోడ్చేది అక్కడే. వీరు మన రెగ్యులర్ సిబ్బంది. అన్నిటికన్నా అడుగున, వెచ్చగా, ఏ దెబ్బా తగలకుండా ఒక కొవ్వు పొర ఉంటుంది. సంస్థకు నిలకడనిచ్చేది అదే. అది మేము."

ఆయన దీన్ని పొగడ్తగానే చెప్పారు. మేమూ చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొడితే అరచేతులకు కాస్త హాయిగా ఉంది.

*

ఏడో తేదీన ఏకసభ్య విచారణ కమిటీ దిగింది. ఆ ఏకసభ్యుడు సదాశివమూర్తి గారు. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. ఏ కేసునైనా భూమి కేసులాగే చూడటం ఆయనకు అలవాటు. డైరెక్టర్ గారు ఎదురెళ్లి చెయ్యి చాపితే ఆయన నమస్కారం పెట్టి ఊరుకున్నారు. వచ్చీ రాగానే మనిషి చర్మం విస్తీర్ణం ఎంత అని అడిగారు. దాదాపు రెండు చదరపు మీటర్లని డైరెక్టర్ గారు చెబితే, ఇరవై ఐదు మందికి యాభై చదరపు మీటర్లు, ఒక సెంటు నేల కన్నా ఎక్కువే ఉందని లెక్క కట్టుకున్నారు.

"ముందు హద్దులు తేలాలి. ఎవరి చర్మం మీద ఏముందో వాళ్లే ప్రకటించాలి," అన్నారు.

అలా చర్మ ఆస్తుల ప్రకటన వచ్చింది. మూడు ప్రతుల్లో ఇవ్వాలి. పుట్టుమచ్చలు, పులిపిర్లు, ఆనెకాయలు స్థిరాస్తుల కింద చూపాలి. మొటిమలు, చెమటకాయలు, సెగ్గడ్డలు చరాస్తులు. చుండ్రు రాలేది కనుక చరాస్తేనని అకౌంటెంట్ వాదించాడు. వాళ్ల నాన్నకూ ఉండేదని ఒప్పుకోవడంతో కమిటీ దాన్ని పిత్రార్జితంలో కలిపింది. నా మోచేతికి చిన్నప్పటి నుంచీ తామర మచ్చ ఉంది. అది మధ్యలో ఆరేళ్లు కనపడకుండా పోయి మళ్లీ వచ్చిందని రాశాను. ఆ ఆరేళ్లు అది ఎవరి స్వాధీనంలో ఉందో వివరణ ఇమ్మని మెమో ఇచ్చారు. నూకరాజు గారు మెడ మీది పులిపిరి దాచారని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, పంచనామా చేసి దాన్ని రికార్డుకెక్కించారు.

ఇన్ని కాగితాలు తేలినా దురద మాత్రం తగ్గలేదు. పగలంతా ఒక ఎత్తు, పడుకున్నాక ఒక ఎత్తు. చివరికి నూకరాజు గారి భార్య ఆఫీసుకే వచ్చి, ఇంట్లో పిల్లలు కూడా గోక్కుంటున్నారని, డాక్టరుకు చూపిస్తారా లేక తాను పుట్టింటికి పోవాలా అని అడిగాక, డాక్టరును పిలవడానికి ఫైలు కదిలింది.

డాక్టర్ రెహానా గారు పరీక్షకు తీసుకున్నది పావుగంట. లైటు వేసి నా వేళ్ల సందులు చూశారు, మణికట్టు చూశారు, నూకరాజు గారి నడుం చూశారు. తర్వాత చేతులు కడుక్కుని చెప్పారు.

"ఇది గజ్జి. కంటికి ఆనని చిన్న పురుగు చర్మం పై పొరలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. దాంతో వచ్చే దురద ఇది. మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకునే మందిస్తాను. ఆఫీసులో అందరూ, ఇళ్లల్లో వాళ్లూ ఒకే రోజు రాసుకోండి. వారం తర్వాత ఇంకోసారి. ఒంటిని తాకిన బట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. అంతే."

"తవ్వకాలు, పైగా కాపురం," అన్నారు సదాశివమూర్తి గారు. "అంటే ఆక్రమణ కేసు."

"ఎలా అంటుకుందంటారు?" అని నేను అడిగాను.

"ఒంటికి ఒళ్లు చాలాసేపు తగిలితే. లేదా ఒకరు కప్పుకున్న బట్ట వెంటనే ఇంకొకరు కప్పుకుంటే. పురుగు మనిషిని వదిలితే రెండు మూడు రోజులకన్నా బతకదు. ఇంకొకటి గుర్తుంచుకోండి. మొదటిసారి అంటినప్పుడు వెంటనే దురద రాదు. దాదాపు నెల పడుతుంది."

ఆవిడ చీటీలు రాసిచ్చి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే మందు తెచ్చుకుని రాసుకుందామని అందరం ఆశపడ్డాం. అప్పుడు రెండో సర్క్యులర్ వచ్చింది. గజ్జి అనే పదం మండలి గౌరవానికి భంగకరం కనుక ఇకపై అన్ని ఉత్తర ప్రత్యుత్తరాల్లో 'చర్మ సంబంధ అసంతృప్తి' అని వాడాలి. రెండో పేరా సదాశివమూర్తి గారిది. పురుగులూ, వాటి సొరంగాలూ విచారణలో కీలక సాక్ష్యాధారాలు. విచారణ ముగిసే వరకు ఏ ఉద్యోగీ మందు రాసుకుని వాటిని నాశనం చేయరాదు. అలా చేస్తే సాక్ష్యాలను తారుమారు చేసినట్టు భావించబడును.

మేం సాక్ష్యాలను ఒంటి మీద పెట్టుకుని ఇళ్లకు వెళ్లాం.

*

ఇంత గొడవలోనూ మండలిలో ఒక్క కార్యక్రమం ఆగలేదు. రోజూ ఉదయం పదకొండింటికి సన్మానం.

డైరెక్టర్ గారు మే నెలాఖర్లో ఇక్కడికి బదిలీ మీద వచ్చారు. సన్మానం పొందినవాడు సంతృప్తిగా ఉంటాడు, సంతృప్తిగా ఉన్నవాడే సంతృప్తిని కొలవగలడు అన్నది ఆయన సిద్ధాంతం. జూన్ రెండు నుంచి దినదిన సన్మాన పథకం పెట్టారు. పనిదినానికి ఒకరి చొప్పున వరసగా అందరికీ. సన్మానితుడు శాలువాతోనే రోజంతా సీట్లో కూర్చోవాలి. సాయంత్రం నూకరాజు గారు శాలువా మడిచి బీరువాలో పెడతారు, మర్నాడు ఇంకొకరికి కప్పుతారు. ఒక విడత అయ్యాక మళ్లీ మొదటి నుంచి. శాలువా మాత్రం ఒక్కటే. ముదురు ఎరుపు, జరీ అంచు. ఉతికితే జరీ నల్లబడుతుందని, గౌరవ చిహ్నాన్ని సబ్బునీళ్లలో ముంచడం తగదని డైరెక్టర్ గారు ఫైల్లో రాశారు. మొహానికి చెమట పడితే కొందరు దాంతోనే తుడుచుకునేవారు.

డాక్టరుగారు బట్ట అన్నప్పుడు మాకెవరికీ శాలువా తట్టలేదు. మా దృష్టిలో అది బట్ట కాదు.

పన్నెండో తేదీన కమిటీ వీరవేణిని పిలిచింది. నేను పక్కనే కూర్చుని రాసుకున్నాను.

"నీకు దురద లేదా?"

"లేదండి."

"ఎందుకు లేదు?"

"ఎందుకుండాలండి?"

సాక్షి ప్రశ్నకు ప్రశ్నతో జవాబిచ్చిందని రాయమన్నారు. రాశాను.

"మరి ఈ మచ్చలేంటి?"

"బొల్లండి. పదహారో ఏట వచ్చింది. చర్మానికి రంగు తయారుచేసే కణాలు పనిచెయ్యవండి, అంతే. దురద రాదు, ఎవరికీ అంటదు. డాక్టరమ్మగారు కాయితం కూడా రాసిచ్చారండి. ఒంటి మీద ఆ పురుగులు లేవని కూడా అందులో ఉంది."

సదాశివమూర్తి గారు ఆ కాగితాన్ని పెన్ను మొనతో తన వైపు లాక్కున్నారు. చదివి చాలాసేపు ఆలోచించారు. తర్వాత నాకు డిక్టేట్ చేశారు.

"ఇరవై నాలుగు మంది స్వాధీనంలో ఉన్న సొత్తు ఇరవై ఐదో మనిషి దగ్గర లేదంటే కారణాలు రెండే. ఒకటి, ఆమెకు అసలు రాకపోవడం. రెండు, ఉన్నదంతా ఆమే మిగతావారికి పంచేసి ఉండటం. మొదటిదానికి ఏ సాక్ష్యమూ లేదు. కావున రెండోదే నిజమని కమిటీ భావిస్తోంది."

ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆవిడ లేనట్టే చెప్పుకుపోయారు. పర్మినెంట్ జాబితాలోంచి వీరవేణి పేరు కొట్టివేయాలని, కాంట్రాక్టు కూడా నెలాఖరుతో ముగించాలని సిఫార్సు. సంతకం పెట్టి, ఫైలు మీద ఎర్ర ట్యాగు కట్టి, పద్నాలుగో తేదీన మంత్రిగారి ముందు దోషి పేరు ప్రకటించే అధికారం కమిటీ సభ్యుడికి తప్ప మరెవరికీ లేదని నాకు గట్టిగా చెప్పారు. ఆ మాట కూడా నోట్ చేసుకున్నాను.

*

పదమూడో తేదీ భోజనాల వేళ వీరవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు రిజిస్టర్లున్నాయి. ఆఫీసులో నిండిన ప్రతి రిజిస్టరూ చివరికి ఆవిడ గదికే చేరుతుంది.

"గౌరీపతి గారూ, మీకు శాలువా కప్పింది జూన్ పదేనాండి?"

"అవును, ఎనిమిదో సన్మానం నాదే."

"గోకుడు రిజిస్టర్లో మీకు దురద మొదలైంది జూలై తొమ్మిదని రాశారు."

"రాశాను. అయితే?"

"ఇరవై తొమ్మిది రోజులండి. నూకరాజు గారికి జూన్ మూడున కప్పారు, జూలై రెండున మొదలైంది. ఇదీ ఇరవై తొమ్మిదే. అకౌంటెంట్ గారికి జూన్ నాలుగు, జూలై నాలుగు. ముప్పై. చివరాఖర్న టైపిస్టు అమ్మాయికి జూన్ ముప్పైన కప్పారు, జూలై ఇరవై తొమ్మిదిన మొదలైంది." ఆవిడ రెండు రిజిస్టర్లూ నా ముందు పక్కపక్కన తెరిచి పెట్టింది. "కప్పిన వరస ఎలా ఉందో గోకిన వరసా అలాగే ఉంది. ఒక్క పేరూ తప్పలేదండి."

నాకు వీపు మీద దురద కాకుండా ఇంకేదో పాకింది. సర్క్యులర్ ఇవ్వకపోతే ఎవడికి ఎప్పుడు దురద మొదలైందో లోకానికి తెలిసే అవకాశమే లేదు. మా మండలి చరిత్రలో ఒక రిజిస్టరు ఎవరికైనా పనికి రావడం అదే మొదటిసారి.

"మరి నీకెందుకు రాలేదు?" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. "జూన్ పంతొమ్మిది నా వంతండి. నాకు కప్పితే తర్వాత కప్పుకోవాల్సినోళ్లు ఇబ్బంది పడతారని మీటింగులో అనుకున్నారంట కదా. ఆ రోజు నుంచి నన్ను శాలువా ముట్టుకోవద్దన్నారు. నా వంతు దాటేసి తర్వాతోళ్లకి కప్పారు."

ఆ మీటింగు నాకు గుర్తుంది. నూకరాజు గారు ప్రతిపాదించారు, అందరం తలూపాం, నేనూ ఊపాను. 'శాలువా పరిశుభ్రత దృష్ట్యా' అనే మాట నాదే.

"నన్నేం చేయమంటావు వీరవేణమ్మా? నాకింకా ఏడేళ్ల సర్వీసుంది," అన్నాను.

"మీరేం చెయ్యక్కర్లేదండి. రేపు సాక్ష్యాల కింద రిజిస్టర్లు మోసుకురమ్మన్నారు. మోసుకొస్తాను." ఆవిడ రిజిస్టర్లు మూసింది. "ఒక్కటే అడుగుతానండి. గోకుడు రిజిస్టర్లో డైరెక్టర్ గారి పేరు లేదేంటండి?"

"గెజిటెడ్ అధికారి కదా. మినహాయింపు."

"అందుకేనండి, ఇంకో ఫైలు కూడా తీసి పెట్టాను," అని వెళ్లిపోయింది.

*

పద్నాలుగో తేదీ పదకొండింటికి మంత్రిగారు హాల్లోకి వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే మా అందరి చేతుల వంకా చూసి తన చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. బల్ల మీద ఎర్ర ట్యాగు ఫైలు ఉంది. దాని పక్కన సదాశివమూర్తి గారు, ఆయన పక్కన స్కేలుతో డైరెక్టర్ గారు. తలుపు దగ్గర మూడు కట్టలు ఒళ్లో పెట్టుకుని వీరవేణి.

ముందు అతిథికి సన్మానం, తర్వాత పేరు ప్రకటన. నూకరాజు గారు పళ్లెంలో శాలువా తెచ్చారు. డైరెక్టర్ గారు దాన్ని రెండు చేతులా విప్పి, మండలి సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పి, మంత్రిగారి వెనక్కి నడిచారు. శాలువా మంత్రిగారి భుజానికి జానెడు దూరంలో ఉంది.

"ఆగండి. అది కప్పొద్దండి," అంది వీరవేణి.

హాలంతా తలుపు వైపు తిరిగింది. ఆవిణ్ని బయటికి పంపమని డైరెక్టర్ గారు నూకరాజు గారికి సైగ చేశారు. నూకరాజు గారు రెండడుగులు వేసి, ఆవిణ్ని ముట్టుకోవాలేమోనని ఆగిపోయారు. ఆ రెండు క్షణాలే ఆవిడకు చాలాయి.

"అయ్యా, దురద ఆ శాలువాలోనే ఉందండి."

మంత్రిగారు కుర్చీలోంచి ఎలా లేచారో నేను చూడలేదు. చూసేసరికి బల్లకు అవతల ఉన్నారు. "ఆ గుడ్డ కింద పడెయ్," అన్నారు. డైరెక్టర్ గారు పడేయలేదు. గౌరవ చిహ్నాన్ని నేల మీద వేసే నిబంధన లేదు. మడిచి చంకలో పెట్టుకున్నారు.

"ఇలా రామ్మా. నీ పేరేంటి? ఎలా చెప్తున్నావిది?"

వీరవేణి బల్ల మీద రెండు రిజిస్టర్లు తెరిచింది. మంత్రిగారు వచ్చి చూశారు. ఆయనకు అర్థం కావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. ఓటర్ల జాబితాలు చూసే అలవాటు ఉన్న మనిషి. నూకరాజు గారి వైపు వేలు చూపించి, నీకెప్పుడు కప్పారు, ఎప్పుడు మొదలైందని అడిగారు. నూకరాజు గారు గొణిగారు. తర్వాత అకౌంటెంట్. తర్వాత వరసగా ఒక్కొక్కరూ. నా వంతు వచ్చింది.

ఏడేళ్ల సర్వీసు గుర్తొచ్చింది. వేళ్ల సందులు మండుతున్నాయి.

"జూన్ పది సార్, జూలై తొమ్మిది," అన్నాను. తర్వాత అడగని మాట కూడా ఒకటి అన్నాను. "ఈవిడకి మాత్రం మేం కప్పలేదు సార్. బొల్లి ఉందని, శాలువా పాడవుతుందని దాటేశాం. ఆ మినిట్స్ రాసింది నేనే."

మంత్రిగారు వీరవేణి చేతుల వంక చూశారు. తర్వాత మా చేతుల వంక చూశారు. ఎర్ర ట్యాగు విప్పి ఫైలు తెరిచారు.

"ఇందులో ఈవిడ పేరు కొట్టెయ్యమని రాశారు. కొట్టెయ్యాలా, సంతకం పెట్టాలా అనేది ఒక్క మాట మీద ఉంది." జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. "శాలువా దానంతటది గోక్కోదు కదా. దాన్లోకి ఎవరు ఎక్కించారు?"

కప్పుకున్న ఇరవై నాలుగు మందిలో శాలువాకు ముందే ఒంటి మీద దురద ఉన్నవాళ్లు ఒక్కరే ఉండాలి కదండి అని వీరవేణి మూడో కట్ట విప్పింది. అది స్టేషనరీ కోరుతూ పెట్టిన ఇండెంట్ల ఫైలు. సన్మానాలు మొదలు కావడానికి వారం ముందు, మే ఇరవై ఆరున ఒక ఇండెంటు ఉంది. కోరిన వస్తువు: రెండడుగుల చెక్క స్కేలు, ఒకటి. ప్రయోజనం అన్న చోట మొదట 'వీపు నిమిత్తం' అని రాసి, కొట్టేసి, 'కార్యాలయ కొలతల నిమిత్తం' అని దిద్దారు. కొట్టేసిన అక్షరాలు శుభ్రంగా కనపడుతున్నాయి. దిద్దినచోట పొట్టి సంతకం కూడా ఉంది. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం ఉండాలని మాకు నిబంధన.

హాల్లో ఎవరూ గోక్కోవడం లేదు. పది రోజుల్లో అది మొదటిసారి.

"పేరు చెప్పమ్మా. గట్టిగా," అన్నారు మంత్రిగారు.

వీరవేణి నోరు తెరిచింది. సదాశివమూర్తి గారు చటుక్కున లేచారు. ఆయన ఇండెంటు ఇంకా చూడలేదు. కింద పెట్టిన కళ్లజోడు కోసం అప్పటిదాకా వెతుక్కుంటున్నారు.

"క్షమించాలి. దోషి పేరు ప్రకటించే అధికారం ఈ కమిటీకి తప్ప మరెవరికీ లేదు. ఒక ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని నోటి మీదుగా ప్రకటన వెలువడితే విచారణ మొత్తం చెల్లకుండా పోతుంది. స్టెనో, ఈ విషయం నోట్ చేశావా లేదా?"

"చేశాను సార్," అన్నాను.

"అయితే మీరే చదవండి సార్," అంది వీరవేణి. ఇండెంటును సన్మాన రిజిస్టరు మొదటి పేజీ పక్కన పెట్టి, రెండూ కలిపి ఆయన ముందుకు జరిపింది. "రెండిట్లోనూ ఉన్నది ఒక్క పేరేనండి. మొదటి వరస."

డైరెక్టర్ గారు ఏదో అనబోయారు. చేతిలోని స్కేలు జారి నేల మీద పడింది. వంగి తీసుకోబోతే చంకలోని శాలువా కూడా జారింది. మంత్రిగారి పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగి ఉంది.

సదాశివమూర్తి గారు కళ్లజోడు సవరించుకున్నారు. గొంతు సర్దుకున్నారు. ముప్పై నాలుగేళ్లు గ్రామసభల్లో భూమి తీర్పులు చదివిన గొంతు అది. చదివే ముందు చూసుకునే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. ప్రభుత్వ కాగితంలో ఉన్న పేరును బిరుదులతో సహా, ఒక్క అక్షరం వదలకుండా, హాలు చివరి వరకూ వినపడేలా చదివారు:

"ప్రథమ సన్మానితులు, ప్రేరణా ప్రవీణ, కార్యదక్ష, మండలి డైరెక్టర్, శ్రీ మల్లిపూడి చక్రధరరావు గారు."